అమ్మిన తేదీ వెనుక అప్పు: పత్తి రైతులపై నా పరిశోధన అనుభవం

హనుమకొండలోని ఒక కళాశాలలో నేను అర్థశాస్త్రం బోధిస్తున్నాను. సూక్ష్మ అర్థశాస్త్రం, వ్యవసాయ అర్థశాస్త్రం, గణాంక పద్ధతులు నా బోధనాంశాలు. గ్రామీణ పరపతి, పంటల మార్కెట్లు నా పరిశోధనాంశాలు. బయోడేటాలో ఈ రెండూ వేరు వేరు గడుల్లో ఉంటాయి కాని, నా విషయంలో రెండో గడిలోని పని జరగకపోతే మొదటి గడిలోని పాఠం ఇప్పుడున్న రూపానికి వచ్చేది కాదు. పత్తి రైతు తెచ్చుకున్న అప్పుకూ, అదే రైతుకు మార్కెట్లో దక్కిన ధరకూ ఉన్న సంబంధంపై నేను పీహెచ్‌డీ చేసిన క్రమాన్ని, అది తరగతి గదిలోకి వచ్చిన తీరును ఇక్కడ రాస్తున్నాను. సినాప్సిస్ సిద్ధం చేసుకుంటున్న పరిశోధక విద్యార్థులకు, ముఖ్యంగా ఊళ్లలో సర్వే చేయబోయేవారికి, ఇందులో పనికొచ్చేది కొంత ఉంటుందని నా నమ్మకం.

ఈ అంశాన్ని ఎంచుకోవడానికి వరంగల్ జిల్లా చరిత్రే కారణం. 1997–98 పంట కాలంలో పొగాకు లద్దె పురుగు పత్తి చేలను తినేసింది. ఉద్దెర మీద తెచ్చి కొట్టిన మందులు పనిచేయలేదు. జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటా చర్చకు వచ్చాయి. 2002లో బీటీ పత్తికి, అంటే కాయ తొలిచే పురుగులను తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తికి, అనుమతి రావడం, 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపార పద్ధతులను విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌ను ఆశ్రయించిన తరువాత 450 గ్రాముల విత్తన ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగడం, ఆ తరువాత గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకునే స్థితికి రావడం, ఇవన్నీ ఈ ప్రాంతపు ఇళ్లల్లో అనుభవాలుగా ఉన్నాయి. జాతీయ నమూనా సర్వే లెక్కల ప్రకారం 2003లో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 82 శాతం అప్పుల్లో ఉన్నాయి. అప్పుడు దేశ సగటు 48.6 శాతం. తెలంగాణ ఏర్పడిన తరువాత 2019లో జరిగిన సర్వేలో మన రాష్ట్రపు సంఖ్య 91.7 శాతంగా తేలింది. ఈ అంకెలు ఎంత మందికి అప్పు ఉందో చెబుతాయి. ఆ అప్పు రైతు చేత ఏం చేయిస్తుంది, ఏ రోజు అమ్మిస్తుంది, ఎవరికి అమ్మిస్తుంది అన్నది అవి చెప్పవు. నా పరిశోధన ప్రశ్న అక్కడి నుంచి పుట్టింది.

చదవవలసినది చాలానే ఉంది. ఒకే వ్యక్తి అప్పూ ఇచ్చి పంటా కొన్నప్పుడు ఆ రెండు మార్కెట్లను విడివిడిగా చూడడం కుదరదని ఆర్థికవేత్త కృష్ణా భరద్వాజ్ 1974లోనే వివరించారు. అంతకు ముందు ఏడాది మరో ఆర్థికవేత్త అమిత్ భాదురి పశ్చిమ బెంగాల్‌లో పంటలో వాటాకు సాగుచేసే కౌలుదారుల అప్పులపై రాసిన వ్యాసం పెద్ద వాదాలకు దారితీసింది. మన దగ్గర మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లె, డోకూరు గ్రామాల్లో మొదలుపెట్టిన అధ్యయనం, అవే కుటుంబాలను ఏళ్ల తరబడి వెంబడిస్తే ఏం తెలుస్తుందో చూపించింది. ఈ చివరిది నాకు పద్ధతి విషయంలో ఎక్కువగా ఉపయోగపడింది. ఏడాదికోసారి వెళ్లి అడిగే సర్వేకు, పంట కాలమంతా వెళ్లి వస్తూ అడిగే సర్వేకు మధ్య తేడా ఎంతో ఉంది. జూన్‌లో తెచ్చిన యూరియా బస్తా సంగతి జనవరిలో అడిగితే ధర గుర్తుంటుంది కాని, అది నగదు ధరో ఉద్దెర ధరో గుర్తుండదు.

రెండు ఊళ్లు ఎంచుకున్నాను. పరకాల వైపు ఉన్నది వాన మీద ఆధారపడిన పత్తి ఊరు. వర్ధన్నపేట వైపు ఉన్నదానికి శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు కొంత మేరకు అందుతాయి కనుక అక్కడ వరీ పత్తీ రెండూ ఉన్నాయి. వరి ధాన్యాన్ని ఊళ్లోని కొనుగోలు కేంద్రంలోనే మద్దతు ధరకు అమ్మి డబ్బు బ్యాంకు ఖాతాలో వేయించుకునే రైతు, పత్తి విషయంలో, విత్తనం, ఎరువు, మందులు ఉద్దెరకిచ్చి పంటను తానే కొనే దుకాణదారు మీద ఎంతవరకు ఆధారపడతాడన్నది చూడాలన్నదే ఆ ఎంపికలోని ఉద్దేశం. ముందుగా ఇంటింటి జాబితా తయారుచేసి, సొంత భూమి ఉన్నవారు, కొంత సొంతం కొంత కౌలు ఉన్నవారు, పూర్తిగా కౌలు మీదే బతికేవారు అని విడదీసి, ఒక్కొక్క వర్గం నుంచి యాదృచ్ఛికంగా కుటుంబాలను తీసుకున్నాను. పంచాయతీ రికార్డుల్లో కౌలుదారుల పేర్లు ఉండవు. అందుకే జాబితా పనికే చాలా సమయం పట్టింది; ఆ పని ఎవరికీ అప్పగించకుండా స్వయంగా చేసుకోవాలని నేను ప్రతి పరిశోధకుడికీ చెబుతాను, ఎందుకంటే ఎవరు ఎవరి భూమి చేస్తున్నారో తెలిసేది ఆ తిరుగుడులోనే.

ప్రశ్నావళి తయారీలో మా పర్యవేక్షకులు ఒక నియమం పెట్టారు: “అప్పు” అన్న మాట చివరి పేజీ దాకా రాకూడదు. విత్తనం ఎక్కడ తెచ్చారు, ఆ రోజు ఎంత చేతికిచ్చారు, మిగిలింది ఎప్పుడు ఇస్తామన్నారు, పత్తి ఎవరి కాంటా మీద తూచారు, అని వస్తువు వెంట ప్రశ్న నడవాలని ఆయన అనేవారు. పరీక్షగా కొన్ని ఇళ్లల్లో రెండు విధాలుగానూ అడిగి చూశాం. నేరుగా “మీకు అప్పు ఎంత ఉంది?” అన్నప్పుడు బ్యాంకు అప్పు వెంటనే వచ్చేది, దుకాణపు బాకీ చాలాసార్లు వచ్చేది కాదు. రైతులు దాచిపెట్టడం దానికి కారణం కాదు. దుకాణంలో రాయించుకున్నదాన్ని పంట వచ్చాక సర్దుబాటు అయ్యే లెక్కగా చూస్తారే తప్ప అప్పుగా చూడరు.

ఇంటి యజమానిని మాత్రమే అడిగితే సగం లెక్కే వస్తుందని కూడా ఆ దశలోనే తెలిసింది. పరకాల వైపు ఊళ్లో ఒక అవ్వ, కొడుకు చెబుతున్న వివరాలను వింటూ కూర్చుని, చివరికి లోపలికి వెళ్లి మనుమరాలి పాత నోటు పుస్తకం తెచ్చింది. “వాడు చెప్పేది దుకాణం లెక్క బిడ్డా, ఇల్లు గడిచిన లెక్క నా తాన ఉన్నది” అంది. ఆ పుస్తకం వెనుక పేజీల్లో ఇంటర్ చదివే ఆ పిల్ల పెన్సిల్‌తో రాసిన పద్దులున్నాయి. తేదీలు లేవు. “తొలి ఏకాదశి ముందట రెండు బస్తాలు”, “రాఖీ పున్నం తెల్లారి మందు”, “పెత్రమాసకు సంఘం పైసలు దుకాణంల కట్టినం”. పొదుపు సంఘంలో ఆమె పేరు మీద తెచ్చిన అప్పు, పురుగు మందుల దుకాణపు బాకీలోకి వెళ్లింది. ఏ సర్వేలోనైనా ఇది రెండు వేర్వేరు అప్పులుగా నమోదవుతుంది, మహిళా సంఘం అప్పు “ఇంటి ఖర్చు” కింద పడిపోతుంది. ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లోనూ స్త్రీలతో వేరుగా మాట్లాడాను, పండుగలన్నిటినీ పంచాంగం చూసి తేదీలుగా మార్చుకునే ఒక పట్టిక తయారుచేసుకున్నాను. ఆ పట్టిక నా థీసిస్ అనుబంధంలో ఉంది. దాన్ని నేను చాలా విలువైనదిగా భావిస్తాను.

దుకాణదారులతో మాట్లాడడం అంత సులభం కాలేదు. పేర్లు, ఊరి పేర్లు ఎక్కడా రాయనని, లెక్కలన్నీ సంకేత సంఖ్యలతోనే ఉంటాయని ఒప్పించాక కొందరు తమ ఖాతా పుస్తకాలు చూపించారు. ఒకాయన అన్న మాట థీసిస్‌లో యథాతథంగా పెట్టాను: “బ్యాంకు కాగితం చూసి ఇస్తది మేడం, నేను మనిషిని చూసి ఇస్త. వాన పడకపోతే బ్యాంకుకు సర్కారు మాఫీ పైసలు కడతది, నాకెవరు కడతరు?” ఈ వాదనను తేలిగ్గా తీసేయకూడదు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల రూపాయల వరకు పంట రుణం 7 శాతం వడ్డీకి వస్తుంది, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. కాని దానికి పట్టాదారు పాసుపుస్తకం కావాలి. కౌలు రైతు చేతిలో ఆ పుస్తకం ఉండదు. ఏ హామీ లేకుండా, ఏ ఫారం నింపకుండా, జూన్ మొదటి వాన పడిన సాయంత్రమే విత్తనం చేతికిచ్చే మనిషి ఊళ్లో ఆ దుకాణదారు ఒక్కడే. ఆయన వసూలు చేసే దానిలో కొంత భాగం మొండి బాకీల భారాన్ని మోయడానికే పోతుంది. ఎంత భాగం అన్నదే పరిశోధకులు తేల్చవలసిన విషయం.

ఇక వడ్డీ లెక్క. ఊళ్లో ఎవరినడిగినా “నూటికి రెండు రూపాయల మిత్తి” అంటారు. నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. అసలు ఖర్చు అంతకంటే ఎక్కువ అని చూపడానికి తరగతిలో నేనిచ్చే ఊహాజనితమైన ఉదాహరణ ఇది. నగదుకు 36,000 రూపాయలకు వచ్చే విత్తనం, ఎరువు, మందులను రైతు ఉద్దెర ధరకు 40,000 రూపాయలకు రాయించుకున్నాడనుకుందాం. ఆరు నెలలకు నూటికి రెండు చొప్పున 4,800 రూపాయల వడ్డీ పడుతుంది. పత్తి అదే దుకాణదారుకు వేయాలి కనుక బయటి ధర కంటే క్వింటాలుకు 200 తక్కువ వచ్చిందనుకుంటే, 15 క్వింటాళ్ల మీద మరో 3,000 పోతుంది. అంటే 36,000 రూపాయల సరుకుకు అతను 47,800 ఇచ్చాడు. ఆరు నెలలకు 11,800 రూపాయలు, అంటే దాదాపు 33 శాతం. ఏడాదికి లెక్కిస్తే 65 శాతం దాటుతుంది. సరుకంతా జూన్‌లోనే తీసుకోడు. మందులు ఆగస్టులో, సెప్టెంబర్‌లో తెస్తాడు. వడ్డీ మాత్రం మొత్తం మీద మొదటి తేదీ నుంచి లెక్క కడితే నిజమైన రేటు ఇంకా పెరుగుతుంది. మూడు చోట్ల మూడు పేర్లతో పోయిన డబ్బులో ఒక్కటే వడ్డీ అనిపించుకుంటోంది. సర్వేలు నమోదు చేసేదీ ఆ ఒక్కదాన్నే.

ధర కొలవడం అంతకంటే చిక్కైన పని. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఉదయం జెండా పాట అనే వేలంలో పలికిన ధరే మరునాడు పత్రికల్లో వస్తుంది. అది ఆ రోజుటి మంచి సరుకుకు వచ్చిన ధర, యార్డుకు వచ్చిన ప్రతి బస్తాకూ వచ్చినది కాదు. అందుకని నేను పత్రిక ధరను పక్కన పెట్టి, రైతుల దగ్గరున్న తక్‌పట్టీలను, అంటే అమ్మకపు చీటీలను, సేకరించాను. తేదీ, బస్తాలు, తూకం, ధర, హమాలీ, తరుగు, చేతికొచ్చిన మొత్తం, అన్నీ అందులో ఉంటాయి. ఊళ్లోనే చిన్న వ్యాపారికి అమ్మినవారి దగ్గర తక్‌పట్టీ ఉండదు. సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిన తూకం లెక్క ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. మద్దతు ధరకు కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోళ్లలో తేమ 8 శాతం దాటినకొద్దీ ధర తగ్గుతుంది, 12 శాతం దాటితే సరుకు తీసుకోరు. అక్టోబర్ వానల్లో తడిసిన మొదటి ఏరుడు పత్తి ఆ పరీక్షకు నిలవడం కష్టం. ఆరబెట్టడానికి జాగా కావాలి, మనుషులు కావాలి, అన్నిటికంటే ముందు కొన్ని రోజులు ఆగగలిగే స్థోమత కావాలి.

నా థీసిస్ మొత్తానికీ ఆయువుపట్టు అయిన చిక్కు ఇక్కడే ఎదురైంది. దుకాణదారుకు బాకీ ఉన్నవారికి, లేనివారికి వచ్చిన ధరలను సూటిగా పోల్చితే తేడా స్పష్టంగా కనిపించింది. కాని పత్తి ఎన్నో ఏరుడుదో, ఎంత తేమతో ఉందో, ఏ రోజు అమ్మారో, ఒక్కో అంశం ప్రభావాన్ని విడదీసి చూపే రిగ్రెషన్ లెక్కలోకి తెచ్చేసరికి ఆ తేడా చాలా వరకు కరిగిపోయింది. లెక్కను లెక్కగా మాత్రమే చూస్తే వచ్చే ముగింపు ఒకటే: ఒకే రోజు, ఒకే రకం పత్తికి దుకాణదారు బాకీదారునికీ ఇతరులకూ దాదాపు ఒకే ధర ఇస్తున్నాడు, కాబట్టి అప్పు వల్ల రైతుకు ధరలో నష్టం లేదు. మొదటి ముసాయిదా చదివిన ఒకరిద్దరు సహోద్యోగులు అదే అన్నారు, అధ్యాయాన్ని అలాగే ముగించమని సలహా కూడా ఇచ్చారు.

మళ్లీ ఊళ్లకు వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని తిరిగాను: ఆ రోజే ఎందుకు అమ్మారు? సమాధానాలు ఒకదాని తరువాత ఒకటి ఒకే దారిలో వచ్చాయి. దసరాకు బాకీ కడతానని మాటిచ్చాం. దీపావళికి సేటు లెక్క చూసుకుంటాడు. ఏరిన కూలీలకు కిలో లెక్కన పైసలియ్యాలి, అవి కూడా సేటే సర్దిండు. కట్టకపోతే యాసంగికి మందుబస్తా పుట్టదు. అప్పు లేని ఇంట్లో మాత్రం జవాబు వేరుగా ఉండేది: ఎండ చూసుకుని, ధర చూసుకుని అమ్మాం. అంటే అమ్మిన తేదీ, తేమ శాతం అనేవి అప్పుతో సంబంధం లేకుండా ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. అప్పే ఆ తేదీని నిర్ణయిస్తోంది. ఆ తేదీ తేమను నిర్ణయిస్తోంది. తేమ ధరను నిర్ణయిస్తోంది. అలాంటప్పుడు తేదీని స్థిరంగా ఉంచి అప్పు ప్రభావాన్ని వెతకడమంటే, నీళ్లు వచ్చే కాలువ తూము మూసేసి పొలానికి నీళ్లెందుకు పారలేదని అడగడమే. అందుకని ఆ అధ్యాయాన్ని రెండు మెట్లుగా మార్చి రాశాను. మొదటి మెట్టులో అప్పు అమ్మకపు తేదీని ఎంత ముందుకు జరుపుతోందో చూశాను. రెండో మెట్టులో ఆ జరగడం వల్ల ధరలో ఎంత పోతోందో చూశాను.

దీనికీ పరిమితి ఉందని అదే అధ్యాయంలో రాశాను. దుకాణంలో ఉద్దెర తెచ్చే కుటుంబం మొదటి నుంచే పేదది, భూమి తక్కువది, ఎక్కువగా కౌలుది. అప్పు లేకపోయినా వాళ్లు తొందరగానే అమ్మి ఉండేవారేమో. అదే రైతు బాకీ ఉన్న ఏడాది ఎప్పుడు అమ్మాడు, లేని ఏడాది ఎప్పుడు అమ్మాడు అని వరుస ఏళ్లకు పోల్చగలిగితే తప్ప ఈ అనుమానం పూర్తిగా తీరదు. నా దగ్గరున్న సమాచారంలో అలాంటి కుటుంబాలు కొన్నే ఉన్నాయి. వర్ధన్నపేట వైపు ఊరు ఇక్కడ కొంత ఆదుకుంది: యాసంగి వడ్ల డబ్బు వేసవిలోనే ఖాతాలో పడిన ఇళ్లు జూన్‌లో విత్తనం నగదుకే తెచ్చుకున్నాయి, అదే ఊళ్లో కాలువ నీళ్లందని పొలాల వాళ్లు ఉద్దెరకే వెళ్లారు, పత్తి అమ్మకాల్లో కూడా ఆ తేడా కనిపించింది.

ప్రీ-సబ్మిషన్ సెమినార్, కాపీ పరీక్ష నివేదిక, కాగితాల మీద సంతకాలు మామూలుగానే నడిచాయి. వైవాలో బాహ్య పరీక్షకులు సరిగ్గా ఆ తేదీ విషయమే పట్టుకున్నారు. “మీరు చెప్పినట్లయితే దుకాణదారు ఏ తప్పూ చేయకపోయినా రైతు నష్టపోతున్నాడు కదా?” అని అడిగారు. అవునన్నాను. కాంటాలో మోసం జరగకుండా, ధరలో మోసం జరగకుండా చూసినంత మాత్రాన ఈ నష్టం ఆగదని, బాకీ గడువును పంట ఆరే కాలానికి సరిపడా వెనక్కి జరపగలిగితేనో, విత్తనానికి ముందే చేతికి నగదు అందితేనో ఆగుతుందని వివరించాను. రెండు ఊళ్ల లెక్కతో అంత మాట అనవచ్చా అని ఆయన మళ్లీ అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే కనుక, ముగింపు అధ్యాయంలో ఆ వాక్యాన్ని ఈ రెండు ఊళ్ల పరిధికే పరిమితం చేశాను.

తరగతి గదిలో ఈ పరిశోధన మొదట మార్చింది పూర్ణ పోటీ పాఠాన్ని. మా విద్యార్థుల్లో చాలామంది పత్తి, మిరప పండించే ఇళ్ల నుంచి వచ్చినవారే. డిమాండ్, సప్లై గీతలు గీయడానికి ముందే, ఇంట్లో ఉన్న ఒక తక్‌పట్టీ తెచ్చి, పేరు కనిపించకుండా మడిచి, ఆ రోజు పత్రికలో వచ్చిన జెండా పాట ధర పక్కన పెట్టమంటాను. 2024–25లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. ఆ అంకెను బోర్డు మీద రాసి, తమ చేతిలోని అంకె దానికి ఎందుకు తక్కువో, ఎందుకు ఎక్కువో ఒక్కొక్కరూ కారణం చెప్పాలి. తేమ, ఏరుడు, దూరం, బాకీ, కౌలు పేరు మీద అమ్మలేకపోవడం, ఇలా కారణాలు వస్తూ ఉంటాయి. “ఇతర విషయాలు స్థిరంగా ఉన్నప్పుడు” అన్న ఊహను ఆ తరువాతే పరిచయం చేస్తాను. దేన్ని స్థిరంగా ఉంచుతున్నారో, దాన్ని ఉంచే హక్కు మీకుందో లేదో ముందు చెప్పమంటాను. రిగ్రెషన్ పాఠానికి వచ్చేసరికి వాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఒక అమ్మాయి, తన తండ్రి కౌలు భూమి పత్తిని భూయజమాని పాసుపుస్తకం మీద అమ్మిన తీరును, డబ్బు ముందు యజమాని ఖాతాలో పడి తరువాత చేతికి రావడాన్ని వరుసగా చెప్పింది. నా ప్రశ్నావళిలో ఆ మెట్టుకు గడి లేదు, ఇప్పుడు పెట్టాను.

ప్రస్తుతం నేను చేస్తున్న పని కూడా అక్కడి నుంచే సాగుతోంది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు సీజన్‌కు ఎకరానికి 4,000 రూపాయల పెట్టుబడి సాయం పట్టాదారులకు అందింది. తరువాత ఆ సొమ్ము పెరిగింది, 2025లో రైతు భరోసాగా ఏడాదికి ఎకరానికి 12,000 అయింది. విత్తనానికి ముందు నగదు అందితే ఉద్దెర తగ్గుతుందన్న నా ఊహను పరీక్షించడానికి ఇంతకంటే తగిన సందర్భం లేదు. సొంత భూమి చేసుకునే రైతుకు ఆ డబ్బు విత్తనాలు వేసే ముందే అందిన ఏడాదికీ, ఆలస్యంగా అందిన ఏడాదికీ దుకాణపు ఖాతాలో తేడా ఉందా అన్నది మొదటి ప్రశ్న. సాయం యజమానికి వెళ్లి, పెట్టుబడి కౌలుదారు పెట్టే చోట కౌలు ఎంత మారింది, పత్తి అమ్మిన తేదీ ఏమైనా మారిందా అన్నది రెండోది. పాత ఇళ్లలో చాలామంది మళ్లీ వివరాలివ్వడానికి ఒప్పుకున్నారు. పండుగల పట్టికను కొత్త పంచాంగాలతో సరిచేసి, కౌలు ఇళ్లకు వేరే ప్రశ్నావళి రాసి, వానకాలం పంటకు ముందు మొదటి విడత సర్వేను ఇద్దరు పీజీ విద్యార్థులతో కలిసి మొదలుపెడుతున్నాను.